వెయిట్ కమాండ్ సున్నా ఇచ్చింది, తలంబ్రాల ఫోటోలు రాలేదు

అందరికీ నమస్కారం. విశాఖపట్నం మద్దిలపాలెం నుంచి మాట్లాడుతున్నాను. మొన్న మాఘమాసం పెళ్లిళ్లప్పుడు ఇక్కడే ఒక ఫోటో స్టూడియోకి చిన్న బ్యాష్ స్క్రిప్ట్, అంటే కంప్యూటర్ వరుసగా నడిపే కమాండ్ల ఫైలు, రాసిచ్చాను. పెళ్లి ఫోటోలన్నీ చిన్న సైజుకి మార్చాలి, అంతే. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే ఆలస్యమవుతోందని, కమాండ్ చివర యాంపర్సండ్ పెట్టి అన్నిటినీ ఒకేసారి బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపేశాను. కింద ఒక వెయిట్, అంటే పంపినవన్నీ ముగిసేదాకా ఆగమనే కమాండ్. ‘అన్నీ అయ్యాయి’ అని వచ్చింది. రెండు రోజులకి స్టూడియో ఆయన ఫోన్: “బాబూ, తలంబ్రాల ఫోటోలు ఏవీ?”

గుండె జారిపోయింది. పెళ్లి మళ్లీ జరగదు కదా!

జరిగింది ఇది. మెమరీ చాలక కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, కొన్ని ప్రాసెస్‌లని (నడుస్తున్న ప్రోగ్రామ్‌లని) చంపేసింది. ప్రాసెస్ ముగిశాక మిగిల్చే నంబర్‌ని ఎగ్జిట్ కోడ్ అంటారు; సున్నా అంటే సరిగ్గా అయినట్టు. అలా పోయినవాటి కోడ్ 137, అంటే 128కి, చంపేయమనే సిగ్నల్ నంబర్ 9 కలిపితే వచ్చేది. కానీ నంబర్ ఇవ్వకుండా ఉత్త వెయిట్ అంటే, పిల్ల ప్రాసెస్‌లన్నీ ముగిసేదాకా ఆగి, ఎన్ని ఫెయిలైనా సున్నానే ఇస్తుంది. నా స్క్రిప్ట్ ఆ సున్నాని నమ్మింది.

మన ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లు వేటకి వెళ్తాయి. ఎన్ని వెళ్లాయో తెలిస్తే చాలదు, ఏ బోటు రాలేదో తెలియాలి. ఇక్కడా అంతే. ప్రాసెస్ మొదలుపెట్టిన వెంటనే డాలర్, పక్కన ఆశ్చర్యార్థకం: అందులో దాని నంబర్ ఉంటుంది. ఆ నంబర్ ఎదురుగా ఫోటో పేరు అసోసియేటివ్ అర్రేలో, అంటే ఒకదాని ఎదురుగా ఇంకోటి రాసుకునే పట్టికలో, రాసుకోండి. తర్వాత ఒక్కో నంబర్‌కీ విడిగా వెయిట్ అడిగితే దాని ఎగ్జిట్ కోడే వస్తుంది. అది అప్పటికే ముగిసిపోయినా సరే, బ్యాష్ గుర్తుపెట్టుకుంటుంది.

ఇక ఒకేసారి ఎన్ని? నేనైతే ప్రాసెసర్‌లో కోర్‌లు ఎన్నుంటే అన్నే; మెమరీ తక్కువైతే ఇంకా తగ్గిస్తాను. నాలుగు పంపి, వెయిట్ మైనస్ ఎన్ అంటే, ఏదో ఒకటి ముగియగానే స్క్రిప్ట్ కదులుతుంది, ఇంకోటి పంపొచ్చు. ఇది 2014లో బ్యాష్ 4.3తో వచ్చింది. ముగిసింది ఏదో మాత్రం చెప్పదు. అది చెప్పే మైనస్ పి ఆప్షన్ 2020లో 5.1తో వచ్చింది. మ్యాక్ వాళ్లూ, జాగ్రత్త: యాపిల్ ఇచ్చే బ్యాష్ ఇంకా 3.2. అందులో ఇవేవీ లేవు, అసోసియేటివ్ అర్రే కూడా లేదు. కొత్త బ్యాష్ వేసుకోండి.

ఒరిజినల్స్ కెమెరా కార్డులో భద్రంగా ఉన్నాయి. కొత్త స్క్రిప్ట్‌తో మళ్లీ మార్చి, ఫోటోలు లెక్కపెట్టి మర్నాడే స్టూడియోలో ఇచ్చి వచ్చాను.