ఊరి పబ్బు ఊరివాళ్లదే: వేల్స్‌లో ఒక కొండ ఊరి కథ

సభకు నమస్కారం.

బ్రిటన్‌లో భాగమైన వేల్స్ దేశానికి వాయువ్యాన సముద్రంలోకి పొడుచుకువచ్చిన నేల ఒకటుంది, లీన్ ద్వీపకల్పం. అక్కడ అర్ ఐవ్ల్ కొండల వాలు మీద లిత్‌వైన్ అనే చిన్న ఊరు ఉంది. ఈ రోజు ఆ ఊరి గురించే మాట్లాడతాను. ఊరి పైన కొండ మీద ట్రేర్ కైరి అనే ఇనుపయుగం నాటి కోట ఉంది. సుమారు 150 రాతి గుడిసెల గోడలు అక్కడ ఇప్పటికీ కనిపిస్తాయి. అంత గాలిలో, అంత ఎత్తులో మనుషులు కాపురాలు చేశారంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఈ ఊరివాళ్లు మొదటినుంచీ గట్టివాళ్లు. 1812లో ఉమ్మడి బీడు భూములకు కంచెలు వేయబోతే తిరగబడ్డారు. దాన్ని అణచడానికి సైన్యం దిగింది. ఒకాయనకు ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని మార్చి ఆస్ట్రేలియాకు పంపేశారు.

తర్వాత గ్రానైట్ క్వారీలు వచ్చాయి. రాయిని చేత్తో కొట్టి, దిమ్మలుగా చెక్కి ఓడలకెక్కించేవారు. లివర్‌పూల్, మాంచెస్టర్ లాంటి నగరాల వీధుల్లో పరిచింది ఆ రాయే. క్వారీలు మూతపడ్డాక పనిలేక జనం కదిలిపోయారు. కొండకు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న నాంట్ గుర్తెయర్న్ అనే క్వారీ ఊరైతే పూర్తిగా ఖాళీ అయింది. కప్పులు కూలిపోయి మొండిగోడలు మిగిలాయి.

ఇక్కడే కార్ల్ క్లౌస్ అనే డాక్టరు గురించి చెప్పాలి. ఆయన పక్క ఊరు లానైల్‌హైయర్న్‌లో వైద్యం చేసేవారు. పిల్లలు తక్కువయ్యారని అక్కడి బడి మూసేయాలనుకున్నప్పుడు ఊరంతా కలిసి పోరాడి దాన్ని నిలబెట్టుకుంది. బడి ఒక్కటే నిలిస్తే సరిపోదు, పిల్లలుండాలంటే తల్లిదండ్రులకు ఊళ్లోనే పనుండాలి అని వాళ్లకు అర్థమైంది. 1974లో సొంత సహకార సంఘం పెట్టుకుని స్వెటర్లు అల్లారు, కుండలు చేశారు. బ్రిటన్‌లో గ్రామస్థులే పెట్టుకున్న ఇలాంటి సంఘాల్లో అదే మొదటిదని చెబుతారు. నాలుగేళ్ల తర్వాత, 1978లో, ఆ డాక్టరు చొరవతోనే ఒక ట్రస్టు నాంట్ గుర్తెయర్న్ మొత్తాన్ని 25,000 పౌండ్లకు కొనేసింది. ఇళ్లు బాగుచేసి పెద్దవాళ్లకు వేల్స్ సొంత భాష వెల్ష్ నేర్పే కేంద్రంగా మార్చారు. నాకు వీళ్ల మీద గౌరవం కలిగింది ఇక్కడే. బడినీ పనినీ భాషనూ వాళ్లు విడివిడిగా చూడలేదు.

లిత్‌వైన్‌కు కూడా అలాంటి పరీక్షే ఎదురైంది. ఊళ్లోని పబ్బు మూతపడింది. పబ్బంటే మనకు మందే గుర్తొస్తుంది గానీ, అక్కడ మీటింగులు పెట్టుకునేదీ, పాటలు పాడుకునేదీ, పండు ముసలీ పడుచు కుర్రాడూ ఒకే బల్ల దగ్గర కూర్చునేదీ అందులోనే. 1988లో ఊరివాళ్లే డబ్బులు పోగేసి దాన్ని కొన్నారు. పేరు తవర్న్ అ విక్. సహకార సంఘం కాబట్టి ఎవరి వాటా ఎంతైనా ఓటు ఒక్కటే. అక్కడ వెల్ష్ బ్యాండ్లు వాయిస్తాయి, క్విజ్‌లు జరుగుతాయి. కింద నాంట్‌లో భాష నేర్చుకుంటున్నవాళ్లు సాయంత్రం కొండెక్కి వచ్చి, కౌంటర్ దగ్గర తడబడుతూనే వెల్ష్‌లో ఆర్డర్ ఇస్తారు. తరగతిలో నేర్చుకున్న మాట అక్కడ పనికొస్తుంది. ఆ ఒక్క కారణం చాలు ఆ పబ్బు ఉండాలనడానికి.

ఇప్పుడు వాళ్లకు పెద్ద టెన్షన్ ఇళ్లది. సముద్రం కనిపించే ఇళ్లను బయటివాళ్లు సెలవుల కోసం కొనడంతో లీన్ ప్రాంతంలో ధరలు స్థానిక కుర్రాళ్లకు అందకుండా పోయాయి. ఆ జిల్లా స్థానిక పాలన చూసే గ్వినెద్ కౌన్సిల్ 2023 ఏప్రిల్ నుంచి ఇలాంటి రెండో ఇళ్ల మీద, కౌన్సిల్ పన్ను అనే ఇంటి పన్నుకు అదనంగా 150 శాతం వసూలు చేస్తోంది. అది సరైన పనేనని నా అభిప్రాయం. కానీ పన్నుతోనే ఇల్లు చవకైపోదు. పబ్బును కొన్నట్టు ఊరివాళ్లు ఇళ్లన్నీ కొనలేరు కదా. అయినా 2019లో అదే జిల్లాలోని లానస్తుమ్‌ద్వీ గ్రామస్థులు కూడా వాటాలు పోగేసి తమ ఊరి పబ్బును కొనుక్కున్నారు.