ఎప్సన్ వి600 రివ్యూ: పాత బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌ల నుంచి మంచి ప్రింట్ వస్తుందా?

నమస్కారమండీ. ఇంట్లో పాత 120 రీళ్ల (మామూలు 35 ఎంఎం కన్నా వెడల్పైన ఫిల్మ్) నెగటివ్‌లు ఉండి, వాటిని స్కాన్ చేసి గోడకి పెట్టుకునేంత ప్రింట్ వేయించుకోవాలనుకునే వాళ్ల కోసం ఈ వీడియో. టేబుల్ మీద ఉన్నది ఎప్సన్ పర్‌ఫెక్షన్ వి600 స్కానర్. పాత మోడలే, అయినా సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ చాలామంది దీన్నే వెతుకుతున్నారు. పక్కనే కెమెరా, దగ్గర నుంచి తీసే మాక్రో లెన్స్, లైట్ ప్యానెల్ కూడా పెట్టాను, నెగటివ్‌ని వెలుతురు మీద పెట్టి కెమెరాతోనే ఫోటో తీసే పద్ధతి కోసం. రెండూ పక్కపక్కన చూస్తేనే మీకు ఏది పనికొస్తుందో తేలుతుంది.

నేను స్కాన్ చేస్తున్నవి అమలాపురంలో మా మేనమామగారి స్టూడియోవి. పెళ్లిళ్లు, బారసాలలు, 1979 పుష్కరాలకి కోటిపల్లి రేవులో తీసినవి. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కదా, ఆ లోపు వీటిని ప్రింట్లు వేయించి ఆయా కుటుంబాల చేతిలో పెట్టాలని నా తాపత్రయం. అందుకే ఈ స్కానర్‌ని మామూలుగా కాదు, గట్టిగానే పరీక్షించాను.

ముందు అంకెల సంగతి చూద్దాం. డబ్బా మీద 6400 డీపీఐ, అంటే అంగుళానికి 6400 చుక్కలు అని ఉంటుంది. టెస్ట్ చార్ట్‌లు పెట్టి కొలిచినవాళ్ల లెక్కలో దీని అసలు సత్తా సుమారు 1500, 1600 దగ్గర ఆగిపోతుంది. ఇది విని నిరుత్సాహపడొద్దు. 120 రీలు మీద చదరపు ఫ్రేమ్ సుమారు 56 మిల్లీమీటర్లు ఉంటుంది. 1600 చొప్పున వేసుకున్నా అటు 3500, ఇటు 3500 పిక్సెల్స్. అంగుళానికి 300 చొప్పున ప్రింట్ వేస్తే పదకొండున్నర అంగుళాలు వస్తుంది. ఇంట్లో పెట్టుకునే ఫోటోకి ఇంతకన్నా ఏం కావాలండీ? నేనైతే 3200 దగ్గర స్కాన్ చేసి, తర్వాత సగానికి తగ్గిస్తాను. అలా చేస్తే గ్రెయిన్, అంటే ఫిల్మ్‌లోని సన్నటి రవ్వ, శుభ్రంగా కనిపిస్తుంది. 6400 పెడితే ఫైలు బరువు పెరుగుతుందే తప్ప బొమ్మలో కొత్తగా ఏమీ కనపడదు.

35 ఎంఎం దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. అదే 1600 లెక్కన 5 బై 7 ప్రింట్‌తో సరి. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి నిజమైన 1:1 మాక్రో లెన్స్ (నెగటివ్‌ని సెన్సర్ మీద అసలు సైజులోనే పట్టేది) పెట్టి తీస్తే, అదే నెగటివ్ నుంచి 13 బై 20 అంగుళాల దాకా వెళ్లొచ్చు. అదే 120 చదరపు ఫ్రేమ్ అయితే కెమెరాకీ స్కానర్‌కీ తేడా చాలా కొంచెం. కాబట్టి మీ పెట్టెలో ఏ సైజు ఎక్కువ ఉందో ముందు చూసుకోండి. 120 ఎక్కువైతే వి600కి నా ఓటు. 35 ఎంఎం ఎక్కువైతే దీని జోలికి పోకండి, ఆ డబ్బు మాక్రో లెన్స్ మీద పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ స్కానర్‌లో డిజిటల్ ఐస్ అని ఒక ఆప్షన్ ఉంది, దుమ్మూ గీతలూ దానంతట అదే తీసేస్తుంది. దాన్ని చూసే చాలామంది కొంటారు. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి అది పనిచేయదు. ఎందుకో చెప్తాను. కలర్ నెగటివ్‌లో బొమ్మ డైలతో, అంటే రంగులతో ఏర్పడుతుంది. స్కానర్ వేసే ఇన్‌ఫ్రారెడ్ కాంతి (కంటికి కనపడనిది) ఆ డైల గుండా వెళ్లిపోతుంది, దుమ్ము దగ్గర మాత్రం ఆగుతుంది. ఆగిన చోటల్లా దుమ్మని స్కానర్ గుర్తుపడుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మంతా వెండి. ఇన్‌ఫ్రారెడ్‌కి దుమ్మూ అడ్డమే, వెండీ అడ్డమే. ఇదిగో, స్క్రీన్ మీద చూడండి, ఆప్షన్ ఆన్‌లో పెట్టి చేసిన స్కాన్. ఈవిడ కంటి రెప్పలు, ముక్కుపుడక చుట్టూ ఎలా అలికేసిందో చూశారా? దుమ్మనుకుని మనిషి ముఖాన్నే తుడిచేస్తోంది. ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 లాగా కలర్ కెమికల్స్‌లో కడిగే ఫిల్మ్ అయితే పర్వాలేదు. అప్పటి స్టూడియోల్లో వాడిన ఓర్వో, ఊటీ వాళ్ల ఇందు లాంటి రీళ్లకి మాత్రం ఆఫ్ చేసేయండి.

అంటే శుభ్రం చేయడం మన చేతుల్లోనే ఉంది. మన కోనసీమ గాలిలో తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ట్రంకు పెట్టెలో పాత కాగితపు కవర్లలో ఉన్న నెగటివ్ మీద బూజు పట్టకుండా ఉండదు. ఇలా లైటుకి ఏటవాలుగా పట్టుకోండి. మెరిసే వైపు బేస్, అంటే ప్లాస్టిక్; మసకగా ఉండే వైపు ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే జెలటిన్ పూత. ఈ మూల సాలెగూడులా పాకింది చూడండి, అదే ఫంగస్. ఇది కనపడగానే నీళ్లతో కడిగేద్దాం అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఫంగస్ తిన్న చోట జెలటిన్ నీళ్లకి కరిగిపోయేలా తయారవుతుంది, తడి తగిలితే బొమ్మే ఊడి రావచ్చు. మందుల షాపులో దొరికే 70 శాతం స్పిరిట్ కూడా వద్దు, మిగతాదంతా నీళ్లే కదా. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి లింట్ లేని గుడ్డ, ముందు ఒక మూల పరీక్షించి, ఒత్తకుండా తుడవండి.

ఇంకొకటి, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. స్టూడియో నెగటివ్‌ల మీద ముఖం దగ్గర సన్నటి పెన్సిల్ గీతలు కనిపిస్తే అది మురికి కాదు. ముడతలు, మచ్చలు కనపడకుండా ఆ రోజుల్లో రీటచింగ్ నెగటివ్ మీదే చేసేవారు. సీసం పెన్సిల్ చెక్కి, భూతద్దంలో చూస్తూ, చుక్క పక్కన చుక్క. ఇక్కడ జూమ్ చేస్తున్నాను, ఈ బుగ్గ మీద చూడండి. ఎంత ఓపిక! అక్కడ రుద్దితే ఆ పనితనం పోతుంది. బ్లోయర్‌తో ఊది వదిలేయండి.

స్కాన్ చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపక తప్పదు. ఉక్కపోతగా ఉన్నా సరే. నేల తడిగుడ్డతో తుడిచిన కాసేపటికి, పొద్దున్నే కూర్చుంటే దుమ్ము తక్కువ. ఏ నెగటివ్ దగ్గరైనా వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ బేస్ చెడిపోతోందని అర్థం. దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, అన్నిటికన్నా ముందు స్కాన్ చేయండి.

సెట్టింగ్స్‌కి వద్దాం. ప్రొఫెషనల్ మోడ్, 16 బిట్ గ్రే, షార్పెనింగ్ ఆఫ్. ఆటో ఎక్స్‌పోజర్‌ని నమ్మకండి. ఈ పుష్కరాల ఫోటో చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండ, రేవు మెట్ల మీద ఒక పెద్దాయన, ఒంటి మీద తడి పంచె. నెగటివ్‌లో ఆ పంచె నల్లగా, దట్టంగా ఉంటుంది. ఆటోలో పెడితే అది తెల్ల కాగితంలా వచ్చింది. హిస్టోగ్రామ్‌లో, అంటే నలుపు నుంచి తెలుపు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్‌లో, రెండు చివరలా కొంచెం ఖాళీ వదిలి చేశాను. ఇప్పుడు కుచ్చిళ్లు లెక్కపెట్టొచ్చు, బట్ట ఒంటికి అంటుకున్న చోటు వేరుగా తెలుస్తోంది, వెనక నీటి మీద మెరుపు కూడా ఉంది. స్కాన్ చప్పగా కనిపించినా కంగారుపడొద్దు, కాంట్రాస్ట్ తర్వాత పెంచుకోవచ్చు. స్కాన్‌లో పోయిన పంచెని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ఫిల్మ్‌ని పట్టి ఉంచే హోల్డర్ విషయంలో నాకు అసంతృప్తి ఉంది. దీని ఎత్తు మార్చే వీలు లేదు. తేమకి వంకర తిరిగిన ఫిల్మ్ మధ్యలో ఉబ్బి, అక్కడ ఫోకస్ మెత్తబడుతుంది. బరువైన పుస్తకాల మధ్య కొన్ని రోజులు పెడితే చాలావరకు చదునవుతుంది. నెగటివ్‌ని నేరుగా గాజు మీద పెడితే మెరిసే వైపు ఆనిన చోట వలయాలు వస్తాయి. పెట్టాల్సి వస్తే మసక వైపు కిందకి పెట్టి, బొమ్మని తర్వాత అద్దంలోలా తిప్పుకోండి.

ప్రింట్‌కి వచ్చేసరికి, మామూలు కలర్ ల్యాబుల్లో బ్లాక్ అండ్ వైట్‌ని కూడా కలర్ పేపర్ మీదే వేస్తారు. కొంచెం పచ్చదనమో, ఎర్రదనమో తొంగి చూస్తుంది. ఆటో కరెక్షన్ వద్దని గట్టిగా చెప్పండి, ముందు ఒక చిన్న టెస్ట్ ప్రింట్ తీయించి పగటి వెలుతురులో చూడండి. రెండు మూడు రకాల గ్రే ఇంకులున్న పిగ్మెంట్ ప్రింటర్ ఎక్కడైనా దొరికితే, మ్యాట్ పేపర్ మీద దాని అందమే వేరు. కాగితం స్క్రీన్‌లా వెలగదు కాబట్టి నీడల్ని కాస్త తేలిక చేసి పంపండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు డబ్బు ఇచ్చే ముందు మూత లోపలి తెల్ల షీటు తీయించి, పైన లైటు వెలుగుతోందో లేదో చూడండి. 35, 120 హోల్డర్లు రెండూ ఉన్నాయా అని అడగండి. గాజు లోపలి వైపు టార్చి వేసి మసక పట్టిందేమో చూడండి. మీ నెగటివ్ ఒకటి వెంట తీసుకెళ్లి, వాళ్ల ముందే స్కాన్ చేయించుకుని అప్పుడు బేరం ఆడండి.