ఆ చీటీ రాసింది నేనే

సభాధ్యక్షుల వారికి, వేదిక మీద ఉన్న పెద్దలకి... వేదిక లేదు కదూ ఇవాళ, అలవాటు కొద్దీ వచ్చేసింది. జంపఖానా మీద సర్దుకుని కూర్చున్న అందరికీ నమస్కారమండి. నాకు ఐదు నిమిషాలిచ్చారు. నలభై ఏళ్ళు పిల్లలకి వయొలిన్ చెప్పినవాణ్ణి, ఐదు నిమిషాల్లో శ్రుతి చేయడం కూడా అవదు. ఓర్చుకోండి.

గ్రంథాలయం పైగదిలో కచేరీ ఏంటండీ అని చాలామంది అడిగారు. మైకు లేదు, అరవై మందికి మించి పట్టరు. పాశ్చాత్యుల్లో ఛాంబర్ మ్యూజిక్ అని ఒకటుంది. గదిలో కూర్చుని వినే సంగీతం. ఎక్కువగా రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, అంతే. ఎదురుగా నిలబడి కర్ర ఊపే ఆయన ఉండడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించుకుంటారు. మన సావిళ్ళలో, అరుగుల మీద జరిగినవీ అలాంటివే కదా. వీణ ఈమని శంకరశాస్త్రి గారు ఇక్కడి ద్రాక్షారామంలో పుట్టారు, బాలమురళీకృష్ణ గారు శంకరగుప్తంలో పుట్టారు. ఏసీ ఆడిటోరియాలు ఉన్నాయని పుట్టారా ఆ ఊళ్ళలో?

ఇవాళ వీణ, వయొలిన్, మృదంగం. వాటి మధ్యన కోయ డోలి, అంటే కోయవాళ్ళు కథ చెబుతూ వాయించే డోలు, దాంతో కథ. "శాస్త్రీయం పక్కన డోలి ఏంటి మాస్టారూ" అని నిన్న ఒకాయన ఫోన్ చేశారు. అయ్యా, నేను వాయించే వయొలిన్ మాత్రం మనదా? రెండొందల ఏళ్ళ కిందట మద్రాసులో బాలుస్వామి దీక్షితార్ గారు తెల్లవాళ్ళ దగ్గర నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చుకున్నారు. సముద్రం దాటి వచ్చినదానికి పీట వేశాం. శబరి గోదాట్లో కలిసే కూనవరం నుంచి వచ్చినదానికి చోటు లేదా?

అసలు సంగతికి వస్తాను. పన్నెండేళ్ళ కిందట ఒక సంగీతోత్సవం. ఊరు పేరు, సంస్థ పేరు వద్దు. కార్యకర్తల్లో నేనొకణ్ణి. పెద్ద కచేరీకి ముందు పావుగంట గిరిజన కళ అని కార్యక్రమంలో వేశాం. ఆ పావుగంట కోసం కూనవరం వైపు నుంచి రెండు బస్సులు మారి ఒక డోలి పెద్దాయన వచ్చాడు. పడిగె, అంటే వేల్పుల కథ బొమ్మలుగా ఉండే గుడ్డ, తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. వెంట పదేళ్ళ మనవడు.

ఆయన కథ ఎత్తుకోవడమే పేర్లతో ఎత్తుకున్నాడు. ఏ గట్టు, ఏ వేల్పు, ఎక్కడి నుంచి బయల్దేరారు, ఏ వాగు దాటారు. మేం అదంతా ప్రార్థన అనుకున్నాం. అదే కథ అని మాకు తెలీదు. పన్నెండో నిమిషంలో పెద్ద విద్వాంసుడి కారు వచ్చింది. సెక్రటరీ నా వైపు చూశాడు. నేను జేబులోంచి కాగితం తీసి "ముగించండి" అని రాసి పంపాను.

ఆయనకి చదువు రాదండి. చీటీ అటూ ఇటూ తిప్పి మనవడికిచ్చాడు. వాడు చదివి చెవిలో చెప్పాడు. డోలి ఆగింది. పడిగె మడిచాడు. శాలువా కప్పాం, ఫొటో దిగాం.

కవరు ఇవ్వడం మరిచిపోయాం, చూడండి. రాత్రి పదకొండింటికి నేనే బస్టాండుకి పరిగెత్తాను. ఆఖరి బెంచీ మీద కూర్చుని ఆయన సన్నగా పాడుతున్నాడు. వినేవాళ్ళు ఎవరూ లేరు. మనవడు నిద్రపోయాడు. ఇంకా పాడుతున్నారేంటి పెద్దాయనా అన్నాను. "పేర్లు మొదలెట్టాను కదా బాబూ. నడుమ ఆపితే వాళ్ళు దారిలో నిలబడిపోతారు" అన్నాడు. నేను అక్కడే కూర్చున్నాను. ఎంతసేపో గుర్తులేదు. కాలవ గట్టు మీద పుట్టి పెరిగిన నాకు గోదావరంటే లాకులు, వంతులు, కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆనకట్ట. దానికి పైన ఏముందో ఆ బెంచీ మీదే మొదటిసారి విన్నాను. ఆయన చెప్పిన వాగులు కొన్ని ఇప్పుడు పోలవరం ముంపులో ఉన్నాయి. మన చేలకి నీళ్ళు ఆ దారినే వచ్చాయండి, ఆ ఊళ్ళ పక్కనుంచే. ఎవరిని తిట్టాలో నాకు తెలీదు. చీటీ రాసింది మాత్రం నేనే.

వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ చోటుంది. పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి. టీ ఇప్పుడే వద్దమ్మా, గ్లాసుల చప్పుడు.

ఏం చెబుతున్నాను? ఆఁ, రిహార్సల్. మూడు రోజులు చేశాం. మా మృదంగం ఆయన మొదటి రోజంతా డోలి దెబ్బలు ఆదితాళంలో లెక్కపెట్టబోయి తలపట్టుకున్నాడు. మూడో రోజుకి లెక్క మానేసి కథ చెప్పేవాడి నోరు చూస్తూ వాయించాడు, అప్పుడు కుదిరింది. కాబట్టి ఇవాళ ఎక్కడ ఆగాలో మాకెవరికీ తెలీదు. వందన సమర్పణ తీసేశాం. ఆఖరి బస్సు తొమ్మిదిన్నరకి, అది దాటితే నా ఇంటి అరుగు మీద పడుకోవచ్చు, దుప్పట్లున్నాయి.

డోలి పట్టుకుని ఆ మూల కూర్చున్న కుర్రాణ్ణి చూశారా? ఆనాడు చీటీ చదివి చెప్పింది అతనే. తాత లేడు, పడిగె ఉంది. ఎవరండీ స్విచ్చి దగ్గర? ఆ ఫ్యాను కిర్రుమంటోంది, కట్టేయండి. రా బాబూ, ఇలా మధ్యలోకి వచ్చి కూర్చో.