చర్చి ఆవరణలో పట్టింగ్ గ్రీన్: గడ్డి సంగతి తర్వాత, ముందు చోటు చూడండి

అందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం కాస్త వింతగా ఉంటుంది. చర్చి ఆవరణలో గోల్ఫ్! పెద్ద మైదానం కాదులెండి. బంతిని నేలమీదే మెల్లగా దొర్లించి గుంతలో వేసే చిన్న పచ్చటి జాగా, పట్టింగ్ గ్రీన్. అదీ కృత్రిమ గడ్డితో. ఒక సంఘం ఇలాంటిది వేద్దామనుకుంటే ఏమేం చూసుకోవాలో మాట్లాడుకుందాం.

"దేవుడి మందిరం దగ్గర ఆటలేంటి?" అని అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. 2019 వేసవిలో ఇంగ్లండ్‌లోని రోచెస్టర్ కెథీడ్రల్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఆవరణలో కాదు, ఏకంగా ఆరాధన జరిగే హాల్లోనే తొమ్మిది గుంతల మినీ గోల్ఫ్ పెట్టారు. క్రీస్తు శకం 604లో మొదలైన చర్చి అది! గుంతల దగ్గర వంతెనల నమూనాలు ఉంచారు. పిల్లలకు వంతెనలు ఎలా నిలబడతాయో చెప్పడం ఒక ఉద్దేశం, చర్చి గడప తొక్కని కుటుంబాలను రప్పించడం ఇంకొకటి. కొందరు మెచ్చుకున్నారు, కొందరు మండిపడ్డారు. హాల్లో పెట్టడం నాకూ కొంచెం ఎక్కువే అనిపించింది. బయటి ఆవరణ మాత్రం వేరే సంగతి. అక్కడ పిల్లలు ఎప్పుడూ పరిగెడుతూనే ఉంటారు కదా.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. గ్రీన్ వేస్తే దారినపోయేవాళ్లకు కనపడేచోట వేయండి, లేదంటే మానేయండి. కమిటీలో ఈ మాట రాగానే అందరి చూపూ వెనకవైపుకే పోతుంది. పాత సామాన్ల గది పక్కన ఎవరికీ పనికిరాని మూల ఒకటి ఉంటుంది కదా, అక్కడికి. దానికి కంచె, కంచెకు తాళం, తాళంచెవి ఒక్కరి దగ్గర. ఇక ఆడేదెవరు? ఆదివారం ఆరాధన అయ్యాక ఆ నలుగురు పెద్దమనుషులే. పక్కింటి కుర్రాడు అడక్కుండా వచ్చి ఆడుకోగలిగితేనే ఇంత ఖర్చుకు అర్థముంటుంది.

చోటు విషయంలో ఇంకో రెండు జాగ్రత్తలున్నాయి. పాత చర్చి అయితే ఆవరణలో సమాధులుంటాయి. రాయి లేనంత మాత్రాన కింద ఎవరూ లేరని కాదు. పారపెట్టేముందు పాత రిజిస్టర్లు తిరగేయండి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో అయితే చర్చి ఆవరణలో ఇలాంటి పనికి ముందుగా డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల పరిధి) నుంచి 'ఫ్యాకల్టీ' అనే అనుమతి తీసుకోవాలి. రెండోది చెట్లు. నీడ బాగుంటుందని పెద్ద చెట్టు కిందే తవ్వేస్తారు. దాని వేర్లు చాలావరకు పైపై రెండడుగుల మట్టిలోనే పాకి ఉంటాయి. ఆ మట్టిని తవ్వి, కంకర పోసి అదిమేస్తే చెట్టు ఆ ఏడాది బాగానే కనిపిస్తుంది, తర్వాత ఒక్కో కొమ్మా ఎండుతుంది. కొమ్మలు పరుచుకున్నంత మేరా వదిలేసి, మధ్యాహ్నం దాని నీడ పడేవైపు చూసుకోండి. నీడ ఎందుకంటే, మండుటెండలో కృత్రిమ గడ్డి 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నిజమైన గడ్డి నీటిని ఆవిరి చేసుకుని చల్లబడుతుంది, ప్లాస్టిక్‌కు ఆ దారి లేదు.

ఇక పని. కాంట్రాక్టర్ రాగానే గడ్డి శాంపిళ్లు ముందు పరుస్తాడు. అందరూ వాటిని చేత్తో నిమిరి మురిసిపోతారు. అసలు పనంతా కిందే ఉంది. పైమట్టి తీసేసి, అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను దిగనిచ్చి, మట్టీ కంకరా కలవకుండా ఆపేది) పరిచి, దానిమీద సుమారు నాలుగంగుళాల కంకర పోస్తారు. ఆపైన సన్నటి రాతిపొడి. పొరపొరకీ కాస్త తడిపి, కంపాక్టర్ యంత్రంతో అదిమించాలి. అదిమాక మడమతో గట్టిగా తొక్కి చూడండి. గుర్తు పడిందా, ఇంకా పని ఉన్నట్టే. ఇప్పుడు మిగిలిన ఆ చిన్న పల్లం రేపు బంతిని పక్కకు లాగేస్తుంది. నూటికి ఒకటి రెండు వంతుల వాలు ఉంటే వాన నీళ్లు పోతాయి, ఆటా చెడదు.

గుంత కొలత 108 మిల్లీమీటర్లు, అంటే నాలుగుంపావు అంగుళాలు. ప్రపంచమంతా ఇదే లెక్క. గుంతలో దించే గిన్నెలాంటి కప్పు అడుగున నీళ్లు దిగే దారి పెట్టించండి, లేదంటే వానాకాలంలో దోమల్ని పెంచినట్టే. గడ్డి పరిచాక సన్నటి సిలికా ఇసుక చల్లి, గట్టి బ్రష్‌తో పోచల మధ్యకు దించుతారు. ఇసుక మీద ఇల్లు కట్టి కూల్చుకున్నవాడి ఉపమానం చర్చిలో అందరికీ తెలిసిందే. ఇక్కడ ఇసుక పైనే ఉంటుంది కాబట్టి భయం లేదు!

ఇసుక ఎంత దిగితే బంతి అంత వేగంగా దొర్లుతుంది. ఆ వేగాన్ని కొలవడానికి 1935లో ఎడ్వర్డ్ స్టింప్‌సన్ అనే అమెరికన్ ఒక పరికరం తయారుచేశాడు. చిన్న ఏటవాలు పట్టీ మీంచి బంతిని వదిలి, ఎన్ని అడుగులు పోయిందో చూడటమే. దాన్నే స్టింప్‌మీటర్ అంటారు. కమిటీలో గోల్ఫ్ ఆడే ఒక్కాయన ఉంటే చాలు, పదకొండు పన్నెండు అడుగుల వేగం కావాలని పట్టుబడతాడు. వినకండి. ఆ వేగంలో ఎనిమిదేళ్ల పిల్ల కొట్టిన బంతి గుంత దాటి ఎటో పోతుంది. మూడుసార్లు అలా జరిగితే ఆ పిల్ల పట్టర్ (బంతిని దొర్లించే గోల్ఫ్ కర్ర) పక్కన పడేస్తుంది. ఎనిమిది తొమ్మిది అడుగులు చాలు.

రంగుటద్దాల కిటికీల గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక్క మాట. పట్టర్‌తో కొడితే బంతి నేలమీదే పోతుంది. బంతిని గాల్లోకి లేపే వేరే గోల్ఫ్ కర్రలను రానివ్వకపోతే సరిపోతుంది.

ఆదివారం ఆడొచ్చా అనేది మీ సంఘమే తేల్చుకోవాలి. గోల్ఫ్ పుట్టిల్లు అనే స్కాట్లాండ్ సెయింట్ ఆండ్రూస్‌లో ఓల్డ్ కోర్స్ అనే గోల్ఫ్ మైదానం మామూలుగా ఆదివారం ఆటకు మూసే ఉంటుంది. ఆ రోజు జనం దాని మీద షికారు చేస్తారు. ఇక అంత్యక్రియలు జరిగే పూట ఆట ఆపాలని బోర్డు మీద ముందే రాయించండి. అప్పటికప్పుడు ఎవరో వెళ్లి పిల్లలను అదిలించడం బాగోదు.

చివరిగా ఒకటి. ఈ గడ్డి శాశ్వతం కాదు. బాగా చూసుకున్నా పది పదిహేనేళ్లకు పోచలు అరిగి పడుకుంటాయి. పోచలొక ప్లాస్టిక్, వాటిని పట్టి ఉంచే అడుగు పొర ఇంకొకటి, మధ్యలో ఇసుక. అన్నీ కలిసి ఉండటం వల్ల రీసైక్లింగ్ కష్టం. పాత గడ్డి ఎవరు తీయాలి, ఎక్కడికి పంపాలి, ఆ ఖర్చు ఎవరిది? ఇవన్నీ వేయించేరోజే ఒప్పందంలో రాయించుకోండి.