చెక్కా రెసినూ కలిసే అంచు

సభకు నమస్కారం.

బర్ల్ చెక్కనూ, ద్రవంగా పోతపోస్తే గట్టిపడే ప్లాస్టిక్ వంటి రెసిన్‌నూ కలిపి లేత్ (తరిమెన) మీద తిప్పుతూ చెక్కిన కలాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, అందరి చూపూ ముందుగా రంగు మీదికి పోతుంది. నేను మాత్రం ఆ రెండు పదార్థాలూ తాకే అంచును వెతికి, దాని మీద గోటితో అడ్డంగా రాసి చూస్తాను. గోరు ఎక్కడా తట్టకపోతే ఆ పనివాడికి పని తెలుసునని అర్థం. దిమ్మను ఆరబెట్టింది మొదలు మెరుగు పెట్టేవరకు పడే శ్రమలో అధికభాగం ఆ అంచు కోసమే కనుక, ఈ పూట దాని గురించే మాట్లాడదలిచాను.

బర్ల్ అంటే చెట్టు కాండం మీదనో వేరు మొదట్లోనో లేచే బుడిపె. దెబ్బ తగలడం వల్లనో, పురుగో శిలీంధ్రమో సోకడం వల్లనో ఒకచోట పెరుగుదల గాడి తప్పినప్పుడు, విచ్చుకోని మొగ్గలు గుంపుగా పుట్టుకొచ్చి, వాటి చుట్టూ చెక్క నార సుడులు తిరుగుతుంది. కోసిన ముఖం మీద కన్నుల్లా కనిపించేవి ఆ మొగ్గలే. మామూలు కలపలో నార ఒకే దిక్కుగా సాగుతుంది కాబట్టి ఉలిని ఎటు నుంచి పట్టాలో ముందే తెలుస్తుంది. బర్ల్‌లో వేలెడు మేరలోనే నార పలుమార్లు దిక్కు మారుతుంది. గట్టి భాగం పక్కనే పుచ్చిన భాగం, దాని పక్కనే బెరడు ఇరుక్కున్న సందు ఉంటాయి. ఆగ్నేయాసియాకు చెందిన ఆంబోయినా, మొరాకోలో వేరు మొదట్లో పెరిగే థూయా, ఉత్తర అమెరికాలోని మేపుల్, బాక్స్ ఎల్డర్ బర్ల్‌లకు కలాలు చేసేవారిలో మంచి పేరుంది.

ఇవి కోరినంత దొరికే వస్తువులు కావు, దొరికినా అన్నీ న్యాయంగా వచ్చినవి కావు. కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ వనాలలో బర్ల్ దొంగలు బ్రతికున్న మహావృక్షాల మొదళ్లను రంపాలతో కోసుకుపోతుండడంతో, 2014లో అక్కడి ఒక అటవీ మార్గాన్ని రాత్రివేళల్లో మూసివేయవలసి వచ్చింది. ఆ చెట్టుకు బర్ల్ అంటే మళ్లీ చిగురించే శక్తిని దాచుకున్న చోటు. దాన్ని లోతుగా కోస్తే గాయం గుండా తెగుళ్లు చేవలోకి దిగుతాయి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని ముక్కను, అది ఎంత అందంగా ఉన్నా, కొనకూడదని నా గట్టి అభిప్రాయం.

కలానికి కావలసింది సుమారు 19 మిల్లీమీటర్ల చదరం, 130 మిల్లీమీటర్ల పొడవు ఉన్న దిమ్మ మాత్రమే. కనుక గిన్నెలు, పెట్టెలు చేసేవారు పక్కకు పడేసే అంచులు, పగుళ్లిచ్చిన ముక్కలు, సందులున్న ముక్కలు ఈ పనికి సరిపోతాయి. ఆ సందులను నింపేదే రెసిన్. చెక్కలోని లోపాన్ని కప్పిపుచ్చడానికి రెసిన్ వాడతారని కొందరు చిన్నచూపు చూస్తారు. వృథాగా పోవలసిన అరుదైన కలప దాని వల్లనే కలంగా మారుతున్నప్పుడు ఆ మాట సరైనది కాదు.

అంచు నిలవాలంటే మొదట చెక్కలోని తేమ పోవాలి. దిమ్మను నీరు మరిగే వేడికి కాస్త పైన ఓవెన్‌లో ఉంచి, అప్పుడప్పుడు తూచి, బరువు తగ్గడం పూర్తిగా ఆగాకనే తీయాలి. చల్లారేటప్పుడు గాలిలోని తేమను మళ్లీ పీల్చకుండా గాలి చొరని సంచిలో ఉంచాలి. తరువాత దాన్ని వేడికి గట్టిపడే పలుచని రెసిన్‌లో ముంచి, పాత్రలోని గాలిని పంపుతో తీసివేస్తే, చెక్క రంధ్రాల్లోని గాలి బుడగలుగా బయటికి వస్తుంది. బుడగలు ఆగగానే పని అయిపోయిందనుకోవడం తప్పు. గాలిని తిరిగి లోపలికి వదిలినప్పుడే దాని ఒత్తిడి రెసిన్‌ను చెక్కలోకి నెడుతుంది కనుక, అలా నానడానికి కూడా చాలా గంటలు ఇవ్వాలి. ఆపైన సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే లోపలి రెసిన్ గట్టిపడి, పుచ్చిన భాగం కూడా ఉలికి నిలుస్తుంది. నూనె ఎక్కువగా ఉన్న దట్టమైన కలప మాత్రం ఈ రెసిన్‌ను సరిగా పీల్చదు.

ఆ తరువాతది పోత. పాలీయూరిథేన్ రెసిన్ కొద్ది నిమిషాల్లో బిగుస్తుంది, కానీ తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి నురగ కడుతుంది. ఆరని చెక్క చుట్టూ పోస్తే సరిగ్గా అంచు దగ్గరే బుడగల వరుస ఏర్పడుతుంది. ఎపాక్సీ అనే మరో రకం రెసిన్ నెమ్మదిగా బిగుస్తుంది కనుక రంగుపొడిని నిదానంగా కలుపుకోవచ్చు. పోసిన అచ్చును ఒత్తిడి పాత్రలో పెట్టి సుమారు 60 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా గాలి నింపితే, బుడగల పరిమాణం దాదాపు ఐదో వంతుకు కుంచించుకుపోయి కంటికి ఆనవు. రెసిన్ బిగిసేదాకా ఒత్తిడి తగ్గకూడదు, తగ్గితే బుడగలు మళ్లీ ఉబ్బుతాయి.

దిమ్మకు రంధ్రం వేసేటప్పుడు బిట్టును మాటిమాటికీ వెనక్కి లాగి పొట్టు తీస్తూ పోవాలి, ఎందుకంటే వేడెక్కితే రెసిన్ పగులుతుంది. పారదర్శకమైన రెసిన్ అయితే రంధ్రం లోపలి గోడకు రంగు వేశాకనే, కలం లోపలి భాగాలను పట్టి ఉంచే ఇత్తడి గొట్టం అతికించాలి. లేదంటే ఇత్తడి బయటికి కనిపిస్తుంది.

ఇక లేత్ మీద అసలు పరీక్ష మొదలవుతుంది. రెసిన్ పొడవైన రిబ్బన్లుగా లేస్తుంది, చెక్క పొడిగా రాలుతుంది. ఉలి ఒక్క చుట్టులోనే ఈ రెండింటినీ దాటుతూ పోవాలి. మొద్దుబారిన ఉలితో లోతుగా కోస్తే అంచు దగ్గర చెక్క పెళ్లగిలి లేచిపోతుంది. చాలామంది ఆ లోపాన్ని గరుకు కాగితంతో సరిచేయబోతారు. గరుకు కాగితం మెత్తని భాగాన్ని ఎక్కువగా, గట్టి భాగాన్ని తక్కువగా అరగదీస్తుంది కాబట్టి, ఎంత రుద్దితే అంచు దగ్గర మెట్టు అంత పెరుగుతుంది. అందువల్ల పదును పెట్టిన ఉలితో పలుచగా చెక్కుతూ దాదాపు తుది కొలతకు తేవాలి, కాగితాన్ని చివర కొద్దిగానే వాడాలి, ప్రతి దశలోనూ లేత్‌ను ఆపి పొడవునా కూడా రుద్దాలి. ఈ పొడి ఊపిరితిత్తులకు హానికరం కనుక మంచి మాస్కు లేకుండా లేత్ దగ్గర నిలబడకూడదు.

ఇత్తడి గొట్టం లేకుండా, మరలు కూడా చేతితోనే కోసి చేసే సిరా కలాలలో ఇంకో జాగ్రత్త ఉంది. బర్ల్‌లో సన్నని మర నిలవదు, తిప్పినకొద్దీ రాలిపోతుంది. అందుకని మూతకూ పిడికీ మధ్య మర పడే చోటును ముందే నిర్ణయించి, అక్కడ రెసిన్ మాత్రమే ఉండేలా పోత పోసేనాడే చెక్కను అచ్చులో అమర్చుకోవాలి. పాళీని పట్టుకునే భాగాన్ని కూడా రెసిన్‌తోనో ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతోనో చేయడం మేలు, ఎందుకంటే చెక్క సిరాను పీల్చి ఉబ్బుతుంది. ఈ లెక్కన కలం ఆకారం లేత్ మీద కంటే ముందు అచ్చులోనే నిర్ణయమవుతుంది. కొత్తగా నేర్చుకునేవారు మొదటి ఉలి కంటే ముందు కాగితం, పెన్సిలు తీసుకుని, చెక్క ఎక్కడ ఆగాలో, రెసిన్ ఎక్కడ మొదలవ్వాలో నిలువుకోత బొమ్మ గీసుకుని, ఆ కొలతల ప్రకారమే దిమ్మను కోయాలని కోరుతున్నాను.