ఇంటి లెక్క అందరిదీ

శ్రోతలకు నమస్కారం.

పని పోయినా, జీతంలో కోత పడినా, ధరలు పెరిగి ఉన్న జీతమే చాలకపోయినా, ఇంట్లో ముందుగా మారేది మన గొంతు. డబ్బు మాట రాగానే తలుపు దగ్గరగా వేసి మెల్లగా మాట్లాడుకుంటాం. పిల్లలు గదిలోకి వస్తే మాట మార్చేస్తాం. ఖర్చు చేయి జారిపోవడం చాలా ఇళ్లలో అక్కడే మొదలవుతుంది.

నా చిన్నప్పుడు నాన్నగారికి కొన్ని నెలలపాటు జీతం రాలేదు. ఆ సంగతి మాకు చెప్పలేదు. ఇంట్లో ఏదీ తగ్గినట్టు మాకు కనిపించలేదు కూడా. ఆ రోజుల్లోనే అమ్మ కళ్లజోడు కాడ ఒకటి విరిగింది. దానికి నల్లదారం కట్టి చెవికి తగిలించుకునేది, చదివేటప్పుడు ఒక చేత్తో పట్టుకునేది. బాగు చేయించుకోమంటే "అలవాటైపోయిందిలే" అనేది. చాలా ఏళ్ల తర్వాత ఆమె లెక్కల పుస్తకం నా చేతికి వచ్చింది. మా ఫీజులు, నాన్నగారి ప్రయాణాలు, మందులు అన్నీ అంకెలతో సహా ఉన్నాయి. ఒక పేజీ చివర 'కళ్లజోడు' అని రాసి, ఎదురుగా అంకె వేయకుండా వదిలేసింది. తర్వాతి నెల పేజీలోనూ అంతే. అలా వరసగా ఐదు నెలలు. ఖర్చు తగ్గించుకున్నది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. మాకు ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ ఏడాది కొత్త బూట్ల కోసం నేను అంత పేచీ పెట్టేదాన్ని కాదు.

అందుకే నేను చెప్పే మొదటి పని కోత పెట్టడం కాదు, అందరూ కలిసి కూర్చోవడం. ఈ నెల ఎంత వస్తుంది, ఎంత కట్టి తీరాలి అన్నది పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమయ్యేలా కాగితం మీద పెట్టండి. పిల్లలు భయపడతారని దాస్తాం. నిజానికి వాళ్లను ఎక్కువ భయపెట్టేది ఆ గుసగుసలే.

తర్వాత ఒక నెలపాటు ఖర్చు పెట్టిన ప్రతిదీ ఏ రోజుది ఆ రోజే రాయండి. ఫోనుతో చెల్లించినవి, నెలనెలా ఖాతా నుంచి వాటంతటవే వెళ్లిపోయే చందాలు మరీ ముఖ్యం. చేతిలోంచి నోటు వెళ్తే కాస్త నొప్పి తెలుస్తుంది, వీటికి అదీ ఉండదు. ఏడాదికోసారి వచ్చే బీమా, ఫీజుల వంటి వాటిని 12తో భాగించి ప్రతి నెలలోనూ వేసుకోండి. అవి అనుకోని ఖర్చులేమీ కావు, మనం ముందుగా లెక్కలో వేసుకోనివి.

1857లో జర్మన్ గణాంక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ కుటుంబాల ఖర్చుల పద్దులు పరిశీలించి ఒక సంగతి చెప్పాడు. ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని. ఇప్పటికీ అది నిజమే. పద్దులో తిండి ఖర్చు పెద్దగా కనిపించేసరికి చెయ్యి ముందు అటే పోతుంది. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. పారేసేది తగ్గించండి, తినేది కాదు. మందులు, పంటి నొప్పి, కంటి పరీక్ష వంటివీ వాయిదా వేయకండి. ఈ నెల మిగిలిందనుకున్నది ఆరు నెలలకు పెద్ద బిల్లై కూర్చుంటుంది.

అసలు గండి పడేది అప్పు దగ్గర. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటాం. వడ్డీ మీద వడ్డీ కలిస్తే దాదాపు 43 అవుతుంది. ఏమీ కట్టకుండా రెండేళ్లు వదిలేస్తే బాకీ రెట్టింపు. క్రెడిట్ కార్డు బిల్లులో 'కనీసం ఇంత కడితే చాలు' అని ఒక చిన్న అంకె ఉంటుంది. వంద బాకీకి ఆ నెల 5 కట్టారనుకోండి, 3 శాతం వడ్డీ అయితే అందులో 3 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 2. అందుకని ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు ముందు తీర్చండి. ఒక నెల అవసరాలకు సరిపడా డబ్బు మాత్రం పక్కన ఉంచుకోండి, లేకపోతే చిన్న ఆపద వచ్చినా మళ్లీ అప్పే. కంతు కట్టలేమని అనిపిస్తే గడువు దాటాక కాదు, దాటకముందే అప్పిచ్చినవారి దగ్గరకు వెళ్లి మాట్లాడండి. గడువు పెంచమని అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

పిల్లలకూ ఒక పని అప్పగించండి. 500 గ్రాముల పొట్లం అదే ధరకు 450 గ్రాములకు తగ్గితే, ధర 11 శాతం పెరిగినట్టే. పొట్లం మీది బరువు చదివి ఈ లెక్క కట్టడం వాళ్లకు సరదాగా ఉంటుంది. 60 వాట్ల పాత బల్బు 17 గంటలు తిరక్కముందే ఒక యూనిట్ కరెంటు కాలుస్తుంది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు అదే యూనిట్‌తో 110 గంటలకు పైగా వెలుగుతుంది. ఏ గదిలో ఏది ఉందో వాళ్లనే చూసి రమ్మనండి.

ఎంత ఇబ్బందిలో ఉన్నా, ఇంట్లో ప్రతి ఒక్కరికీ లెక్క అడగని చిన్న మొత్తం ఒకటి ఉండాలని నా గట్టి నమ్మకం. ఎంత చిన్నదైనా ఫరవాలేదు. అది లేకపోతే పొదుపు శిక్షలా అనిపించి, రెండు నెలలకే పుస్తకం మూలన పడుతుంది.

ఈ రాత్రి మీరంతా కూర్చున్నప్పుడు, ఆ పుస్తకం రాసే మనిషిని ముందుగా అడగండి. "నీకు కావలసినది ఏది వాయిదా వేసుకున్నావు?" అని. ఏమీ లేదంటే నమ్మకండి, మరోసారి అడగండి. ఆ జవాబును మొదటి వరసలోనే రాసి, ఎదురుగా అంకె కూడా వేయండి.

సెలవు. నమస్కారం.