యార్డు కాటా, కోర్టు కాటా

(జూన్ 26, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు గుంటూరులో న్యాయవాదులు, లా విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలోని సీనియర్లకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన అరగంట దానికే సరిపోతుంది, మన్నించండి. మాదకద్రవ్యాల చట్టంలో రావలసిన మార్పుల మీద మాట్లాడమన్నారు. చట్టం ఎలా వచ్చింది, ఎక్కడ తప్పుతోంది, ఏం మార్చాలి అని మూడు భాగాలు అనుకున్నాను.

మొదటిది తొందరగా ముగిస్తాను. 1893-94లో తెల్లవాళ్ల ప్రభుత్వమే గంజాయి మీద కమిషన్ వేసింది. వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి ఏడు సంపుటాల నివేదిక ఇచ్చారు. పూర్తి నిషేధం వద్దు, అదుపులో పెడితే చాలు అన్నారు. 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది, గంజాయి వాడకం ఆపడానికి 25 ఏళ్ల గడువిచ్చింది. ఆ గడువు తీరకముందే, 1985 నవంబర్ 14 నుంచి, మన మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, అమల్లోకొచ్చింది. 1989లో 37వ సెక్షన్‌తో బెయిలు తలుపు బిగించారు. 2001లో చిన్నవాణ్ణీ పెద్దవాణ్ణీ ఒకే గాటన కట్టొద్దని పరిమాణాన్ని బట్టి శిక్షలు పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ రోజు నుంచి ఈ చట్టంలో మనిషి వెనక్కిపోయాడు, కాటా ముందుకొచ్చింది.

గంజాయికి రెండు గీతలున్నాయి. కిలో లోపు చిన్న పరిమాణం, ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. మధ్యలో ఉంటే పదేళ్ల దాకా వేయొచ్చు, కనీసం ఇంత అని లేదు, జడ్జిగారు మనిషిని చూసి రెండేళ్లు వేసినా వేయొచ్చు. సరిగ్గా 20 కిలోలుంటే ఇంకా మధ్యలోనే. ఇరవై మీద వంద గ్రాములు మొగ్గిందా, పదేళ్లకు తగ్గదు, ఇరవై దాకా పోవచ్చు, జరిమానా లక్షకు తగ్గదు. బెయిలు కావాలంటే ఇతను నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ చేయడని కోర్టుకు తోచాలి. చార్జిషీటుకు 180 రోజులు, అవసరమైతే ఏడాది. శిక్ష పడ్డాక రెమిషన్, అంటే శిక్షలో తగ్గింపు, ఉండదు.

ఇంత బరువైన గీతను తేల్చే తూకం ఎలా జరుగుతుందో చూడండి. హైవే మీద బండి ఆపుతారు. ఇద్దరు మధ్యవర్తులను, అంటే సోదాకు సాక్షులను, పిలిపిస్తారు. పక్క కిరాణా కొట్టు నుంచి ఎలక్ట్రానిక్ కాటా తెస్తారు. బస్తా విప్పితే బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు. తూచి మధ్యవర్తుల రిపోర్టులో రాస్తారు: 21 కిలోల 200 గ్రాములు.

ఇప్పుడు మన మిర్చి యార్డుకు రండి. రైతు బస్తా కాటా మీదికెక్కితే గోనె బరువు తీసేస్తారా లేదా? తాలు కాయ వేరు, మంచి కాయ వేరు పోస్తారా లేదా? వ్యాపారి గుప్పెడు కాయ తీసి పిసికి, గలగలలాడకపోతే తేమ ఉందని ధర కోస్తాడా లేదా? వంద కిలోల పండు మిరప ఎండితే పాతిక ముప్పై కిలోలవుతుందని ఈ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. క్వింటాకు రెండు మూడు వందల తేడా కోసం ఇంత చూస్తామే, మనిషి పదేళ్లు పోయే తూకంలో ఇందులో సగం కూడా చూడరు.

లెక్క వేసుకోండి. 21 కిలోల 200లో పది ప్యాకెట్ల టేపు, పాలిథిన్ కవర్లు, పైన గోనె కలిపి 600 గ్రాములు అనుకుందాం. 20 కిలోల 600 మిగిలింది. పూర్తిగా ఆరని సరుకు, తేమ నూటికి ఐదు వంతులే తగ్గిందనుకుందాం. 19 కిలోల 570. ఇంకా కాడల జోలికి పోలేదు. చట్టం రెండో సెక్షన్‌లో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకూ గింజా గంజాయి కాదు. భంగు ఇంకా అమ్ముడుపోతున్నదీ ఆ మాట మీదే. మొక్కలు పీకి, వేరుతో కాడతో సహా తూచి, అంతా గంజాయే అని రాస్తే ఆ తూకం దేనిది? పచ్చి మొక్కలో ముప్పాతిక వంతు నీరే. ఆకూ కాడా కలిపి తూచారన్న కారణంతోనే బెయిలిచ్చిన హైకోర్టులున్నాయి. కానీ తేమ గురించి చట్టంలో ఒక్క మాట లేదు.

గంజాయి నయం. దగ్గుమందు సంగతి చూడండి. అందులో ఉండే మత్తుమందు కోడీన్‌కు చిన్న పరిమాణం 10 గ్రాములు, వాణిజ్య పరిమాణం ఒక కిలో. 5 మిల్లీలీటర్లకు 10 మిల్లీగ్రాముల కోడీన్ ఉండే సిరప్ వంద మిల్లీలీటర్ల సీసాలో 200 మిల్లీగ్రాములు ఉంటుంది. పది సీసాల్లో 2 గ్రాములు. సిరప్ నీళ్లకన్నా బరువు కాబట్టి పది సీసాల మందు కిలో దాటుతుంది. చికిత్స కోసం కాదని తేలితే, చక్కెర నీళ్లతో సహా మొత్తం తూచమని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మందు లెక్కలో చిన్న పరిమాణం కూడా నిండలేదు, చక్కెర లెక్కలో వాణిజ్య పరిమాణం!

అయ్యా, అమ్మా, ఒక్కటి గట్టిగా చెబుతాను. గంజాయి మంచిదని నేననడం లేదు. పదహారేళ్ల పిల్లవాడి బుర్రకు అది చేసే చేటు చేస్తుంది. మీ పిల్లలకు ఎవరైనా అమ్మితే వాణ్ణి పట్టాల్సిందే. నా బాధ ఎవరు దొరుకుతున్నారన్నది. చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు నుంచో, ఒడిశా గట్టు నుంచో సరుకు బయల్దేరి 16వ నంబరు హైవే మీద బెజవాడ చేరి, అక్కణ్ణుంచి చెన్నైకో హైదరాబాదుకో పోతుంది. పెట్టుబడి పెట్టినవాడు బండిలో ఉండడు. ఉండేది కూలికి మోసే కుర్రాడు. బస్తా కట్టినవాడు పద్దెనిమిది కట్టాడో ఇరవై రెండు కట్టాడో ఆ కుర్రాడికి తెలియదు. పైగా 35, 54 సెక్షన్ల కింద తెలిసే చేశాడని కోర్టు అనుకోవాలి, కాదని అతనే రుజువు చేసుకోవాలి. డబ్బు పెట్టినవాడికి 27ఏ కింద పదేళ్ల నుంచి ఇరవై. మోసినవాడికీ పదేళ్ల నుంచి ఇరవై. ఇది ఏ తక్కెడలో సమానం?

సారా సంగతి ఇక్కడి పెద్దలకు గుర్తుండాలి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కదిలితే 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ ఉద్యమం నిజం, ఆ తల్లుల కన్నీళ్లు నిజం. నిషేధం ఉన్నన్నాళ్లూ సరిహద్దు దాటి వచ్చిన సీసాలూ నిజమే. దాని మీద వేరే సభ పెట్టాలి. మళ్లీ కాటా దగ్గరికే వస్తాను.

జూనియర్లు ఇది రాసుకోండి. తూచిన కాటా ఎవరిది, ఆ ఏడాది తూనికలు కొలతల శాఖ ముద్ర పడిందా? రాసింది నికర బరువా, ప్యాకింగ్‌తో సహానా? ప్యాకెట్లన్నీ ఒక పట్టా మీద కుమ్మరించి కలిపాక శాంపిల్ తీశారా? కలిపాక తీస్తే ఏ ప్యాకెట్లో ఏముందో చెప్పే దిక్కు లేదు. గంజాయి శాంపిల్ 24 గ్రాములు, రెండేసి చొప్పున. 52ఏ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట తీయాలని 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, 2022 నిబంధనలూ అదే అన్నాయి. ఒంటి మీద సోదా అయితే గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయించుకునే హక్కుందని 50వ సెక్షన్ కింద ముందే చెప్పాలి. సంచిలో దొరికితే ఆ సెక్షన్ వర్తించదు, అక్కడ వాదన వృథా చేసుకోకండి.

కాల్చి దొరికినవాడికి 27వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, పదివేల దాకా జరిమానానో, రెండూనో. అదే చట్టంలో 64ఏ ఉంది. వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు ఒప్పుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఈ సెక్షన్ కింద దరఖాస్తు వేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు, చేతులెత్తండి. ...చూశారా. 2019లో ఎయిమ్స్ నివేదిక ప్రకారం చట్టవిరుద్ధ మత్తుకు బానిసైనవాళ్లలో ఇరవైమందికి ఒక్కరికే ఆసుపత్రిలో చేరి చికిత్స దొరికింది. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 నంబరు మీ ఆఫీసు గోడ మీద రాసిపెట్టండి, ఏ తల్లి ఏడుస్తూ వచ్చినా ముందు అది ఇవ్వండి.

చట్టం మారదు అంటారేమో. నొప్పి తగ్గించే మందు మార్ఫిన్ సంగతి చూడండి. 1985 చట్టానికి జడిసి ఆసుపత్రులు క్యాన్సర్ రోగులకు మార్ఫిన్ పెట్టడమే మానేశాయి. 1997 నాటికి దాని వాడకం దేశం మొత్తానికి ఏడాదికి 18 కిలోలకు పడిపోయింది. నొప్పితో అరిచి అరిచి పోయిన రోగులు ఏ కాటాకూ ఎక్కలేదు. 2014లో సవరణ చేసి, ఆసుపత్రికి నాలుగైదు లైసెన్సుల బదులు ఒకే గుర్తింపు చాలన్నారు. ఆ సవరణ కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు డాక్టర్లు, రోగుల బంధువులు. వాళ్లు తిరిగారు కాబట్టే మారింది.

మూడో భాగానికి టైమైపోయిందని చీటీ వచ్చింది. అడిగేది చెప్పేస్తాను. వాడినవాడి మీద 27వ సెక్షన్ ఎత్తేయాలి. పోర్చుగల్ 2001 జులైలో ఆ పని చేసింది. పది రోజుల వాడకానికి లోబడి ఉంటే జైలు లేదు, ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు పంపుతారు, అమ్మేవాడికి మాత్రం జైలే. 1961 ఒప్పందం 36వ అధికరణం కూడా వాడినవాడికి శిక్ష బదులు చికిత్స ఇవ్వొచ్చంటుంది. మోసినవాడికి కనీస శిక్ష తగ్గించే అధికారం, కారణాలు రాసి, జడ్జిగారికి ఇవ్వాలి. ఇక నిర్వచనాల సెక్షన్‌లో ఈ వాక్యం చేర్చాలి: 'గంజాయి పరిమాణం అనగా ప్యాకింగ్, కాడ, వేరు మినహాయించి, ఆరబెట్టిన పూత కొసల నికర బరువు.'

ఈ వాక్యంతో ఎంపీలకు పంపే విజ్ఞాపన వెనక బల్ల మీద ఉంది. పక్కనే ఖాళీ మధ్యవర్తుల రిపోర్టు నమూనాలున్నాయి, తలా ఒకటి తీసుకెళ్లి తూకం గడి దగ్గర ఏమేం రాయాలో మీరే నింపి చూడండి. యార్డులో కాటా వేసే ఇద్దరు అన్నలు మన పిలుపు మీద వచ్చారు, కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నారు. తేమ తరుగు ఎలా కడతారో వాళ్లనడగండి. నాకన్నా బాగా చెబుతారు.